స్ప్రే పెయింటింగ్: ముక్కుకు కట్టిన తువ్వాలు ఊపిరితిత్తులను కాపాడగలదా?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా జగర్గుండాలో ఘర్షణల కారణంగా మూతపడిన పాఠశాల 13 ఏళ్ల తరువాత 2019లో తిరిగి తెరుచుకుంది. 2025 మే నెలలో అక్కడ బ్యాంకు శాఖ కూడా ప్రారంభమైంది. భవనాలు లేచి, వాహనాల రాకపోకలు పెరిగే ఇటువంటి ఊళ్లలో ఇనుప తలుపులకు, కిటికీ గ్రిల్లులకు, ట్రాక్టర్ ట్రాలీలకు రంగు వేసే పని కూడా పెరుగుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి పెద్ద కేంద్రంలోనైనా, అడవి అంచున ఉన్న చిన్న షెడ్డులోనైనా, స్ప్రే గన్ పట్టిన పెయింటరుకు పొంచి ఉన్న ముప్పు ఒకటే. అది అతడు పీల్చే గాలిలో ఉంటుంది.

గాలిలో కలిసేది ఏమిటి?

కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఒత్తిడికి రంగు అతి సూక్ష్మమైన తుంపరలుగా విడిపోతుంది. పెద్ద తుంపరలు నేలకు దిగుతాయి. కంటికి కనిపించనంత చిన్నవి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. థిన్నర్‌లోని టోలీన్, జైలీన్ వంటి ద్రావకాలు ఆవిరై తలనొప్పి, తల తిరగడం, మగత కలిగిస్తాయి. ఏళ్ల తరబడి పీలిస్తే నాడీ వ్యవస్థ దెబ్బతింటుంది.

హార్డెనర్ కలిపి వాడే ‘టూ ప్యాక్’ రంగులతో మరింత ప్రమాదం. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి వల్ల ఒకసారి ఆస్తమా వస్తే, ఆ తరువాత అతి స్వల్ప మోతాదు కూడా ఆయాసం తెప్పించగలదు. వాహనాలకు రంగు వేసేవారికి ఆస్తమా ముప్పు సగటు కార్మికుడి కంటే 80 రెట్లు ఎక్కువని బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ చెబుతోంది. పెయింటరు వృత్తిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే వర్గీకరించింది.

గుడ్డ ఎందుకు చాలదు?

తువ్వాలు పెద్ద తుంపరలను మాత్రమే కొంత ఆపుతుంది. ఎన్95 మాస్కు సూక్ష్మ కణాలను వడకట్టగలదు కానీ, ద్రావకాల ఆవిరిని ఆపలేదు. ఆవిరికి క్రియాశీల బొగ్గు నింపిన కార్ట్రిడ్జి, తుంపరలకు దాని ముందు కణాల ఫిల్టరు, ఈ రెండూ ఉన్న రెస్పిరేటర్ కావాలి. అది ముఖానికి గట్టిగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అంచుల నుంచి గాలి లోపలికి చొరబడుతుంది. మాస్కు లోపల థిన్నర్ వాసన తగిలిందంటే కార్ట్రిడ్జి పని అయిపోయినట్లే.

ఐసోసయనేట్ల విషయంలో ఈ గుర్తు కూడా పనికిరాదు. హాని కలిగించే మోతాదులో ఉన్నా వాటి వాసన తెలియదు. అందుకే టూ ప్యాక్ రంగులకు గొట్టం ద్వారా స్వచ్ఛమైన గాలిని అందించే మాస్కునే నిపుణులు సూచిస్తారు. షెడ్డులోని కంప్రెసర్ గాలిని నేరుగా పీల్చరాదు. అందులో నూనె తుంపరలు, ఒక్కోసారి కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉండవచ్చు.

ముందు గాలి, తరువాత మాస్కు

సీలింగ్ ఫ్యాను కలుషిత గాలిని బయటికి పంపదు, గది అంతటా తిప్పుతుంది. ఒక వైపు నుంచి తాజా గాలి రావాలి, ఎదుటి వైపు ఎగ్జాస్ట్ ఫ్యాను దానిని బయటికి లాగాలి. పెయింటరు తాజా గాలి వచ్చే వైపు నిలబడాలి. ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువైనది కనుక ఎగ్జాస్ట్ నేలకు దగ్గరగా ఉండటం మేలు. ఆ ఆవిరికి నిప్పు సులభంగా అంటుకుంటుంది. కాబట్టి నిప్పురవ్వ రాని ఫ్యానునే అమర్చాలి, వెల్డింగు, బీడీ దరిదాపుల్లో ఉండకూడదు.

గన్ ఆపగానే మాస్కు తీయడం పొరపాటు. మూసిన గదిలో తుంపరలు తొలగడానికి 20 నిమిషాలకు పైగా పట్టవచ్చు.

చట్టం ఎవరికి వర్తిస్తుంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి అమలులోకి వచ్చింది. అయితే అది సాధారణంగా పదిమంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డులో జాగ్రత్త బాధ్యత ఆచరణలో యజమానిదే అవుతుంది.

పని ముగిసిన రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజుల్లో తగ్గుతుంటే అది వృత్తి సంబంధ ఆస్తమా కావచ్చు. వైద్యుని వద్ద లక్షణాలతో పాటు చేసే పని, వాడే రంగు పేరు కూడా చెప్పాలి. తొలిదశలోనే గుర్తించి ఆ గాలికి దూరమైతే కోలుకునే అవకాశం ఎక్కువ.