విండోస్ ఎక్కనని మొరాయిస్తే...

ఏరా బుజ్జీ, మొహం అలా వేలాడేశావేం? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో మెట్లెక్కి దిగి, బేరమాడి ఒక్కో భాగం కొనుక్కొచ్చావు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ నీ చేత్తోనే బిగించుకున్నావు. ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద బోర్డు కంపెనీ బొమ్మా పడింది. తీరా విండోస్ ఎక్కిద్దామంటే మధ్యలో చేతులెత్తేసింది, అంతేగా? ఆ బొమ్మ పడిందంటేనే సగం గెలిచినట్టు లెక్క. ప్రాసెసర్, ర్యామ్, తెర ఒకదాన్నొకటి గుర్తుపట్టాయన్నమాట. చిన్నీ, ఆ సెల్‌ఫోన్ పక్కన పెట్టి నువ్వూ రామ్మా.

‘ఎక్కలేదు’ అని ఊరుకుంటే ఎవడికీ ఏమీ అర్థం కాదు. ఎక్కడ ఆగింది, ఏమని ఆగింది? అది చెప్పాలి. విండోస్ ఎక్కేటప్పుడు జరిగేది ఇదీ: బోర్డులోని ఫర్మ్‌వేర్ నిద్రలేచి పెన్‌డ్రైవ్‌ని వెతుకుతుంది. అందులోని ఫైళ్ళని కుదించి ఒకే పెద్ద మూటగా కట్టి ఉంచుతారు. ఆ మూట ముక్కలు ముక్కలుగా ర్యామ్‌లోకి వస్తుంది, ప్రాసెసర్ దాన్ని విప్పుతుంది, విప్పినది డిస్కు మీదికి పోతుంది. ఆగడమంటూ జరిగితే ఈ దారిలోనే ఏదో ఒకచోట ఆగాలి.

“డిస్కు కనబడుతోంది తాతయ్యా, కానీ అందులో వేయడం కుదరదంటోంది” అంటున్నావు కదా. కింద ఉన్న ఆ చిన్న అక్షరాలు చదివావా? చదవవు. మీ తరం ‘ఓకే’ నొక్కడంలో ఉన్న చురుకు చదవడంలో చూపించదు. ఎంచుకున్న డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఈఎఫ్‌ఐ యంత్రంలో జీపీటీ డిస్కు మీదే విండోస్ ఎక్కుతుంది అని రాసి ఉంది అక్కడ. జబ్బు పేరూ మందు పేరూ ఒక్క వాక్యంలో చెప్పేసింది పాపం.

మన ఊరి అడంగల్ చూశారు కదా, ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత విస్తీర్ణం అని రాసి ఉంటుంది. డిస్కు మొదట్లోనూ అలాంటి పట్టికే ఒకటి ఉంటుంది. ఏ భాగం ఎక్కడ మొదలైంది, ఎంత దూరం ఉంది అని. పాత పట్టిక ఎంబీఆర్. 1983లో ఐబీఎం వాళ్ళు పీసీ ఎక్స్‌టీ అనే యంత్రాన్ని 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో తెచ్చినప్పుడు, దాంతోపాటు వచ్చిన డాస్ 2.0లో పుట్టిందిది. మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు యంత్రాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్‌కి, 2 బైట్లు చివరి ముద్రకి పోగా మిగిలింది 64. ఒక్కో భాగం వివరానికి 16 బైట్లు కావాలి. చిన్నీ, భాగించు. నాలుగు! అందుకే ఆ పట్టికలో నాలుగు భాగాలకే చోటు.

ఇంకో ఇరుకు కూడా ఉంది. భాగం ఎక్కడ మొదలైందో రాయడానికి 32 బిట్లే ఇచ్చారు. అంటే సుమారు 430 కోట్ల గళ్ళు, గడికి 512 బైట్లు. గుణిస్తే 2.2 టెరాబైట్లు. అంతకు మించిన చోటుని ఆ పట్టిక చూపించలేదు. పది మెగాబైట్లకే మురిసిపోయే రోజుల్లో 2.2 టెరాబైట్లు ఎవరి ఊహకందుతుంది? వాళ్ళని తప్పుపట్టను నేను.

1990ల చివర్లో ఇంటెల్ వాళ్ళు ఇటానియం అనే ప్రాసెసర్ కోసం పాత బయోస్ బదులు ఈఎఫ్‌ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతి తయారుచేశారు. 2005లో కంపెనీలన్నీ కలిసి యూఈఎఫ్‌ఐ ఫోరం పెట్టుకున్నాక అది అందరిదీ అయింది. దానికి జోడుగా వచ్చిందే జీపీటీ పట్టిక. చిరునామాకి 64 బిట్లు. విండోస్ లెక్కలో 128 భాగాల దాకా చేసుకోవచ్చు. నాకు బాగా నచ్చిందేమిటంటే, ఈ పట్టిక నకలు ఒకటి డిస్కు చివర్లో కూడా దాచి ఉంటుంది. మొదటిది చెడితే రెండోది ఆదుకుంటుంది.

“కొత్త కంప్యూటర్లోకి పాత పట్టిక ఎలా వచ్చింది?” మంచి ప్రశ్నే. మీ బాబాయి పాత కంప్యూటర్లోంచి పీకిన హార్డ్ డిస్కుని దీనికి తగిలించలేదూ నువ్వు? నువ్వు ఎంచుకుంటున్నది దాన్నే. ఎస్‌ఎస్‌డీని ఎంచుకో, పని జరిగిపోతుంది.

ఒకవేళ ఆ పాత డిస్కు మీదే వేయాలనుకుంటే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ తెరిచి, జాబితాలో సరైన డిస్కుని ఎంచి, ‘క్లీన్’, ఆ తర్వాత ‘కన్వర్ట్ జీపీటీ’ అని కొట్టాలి. కానీ ఆగరా! ‘క్లీన్’ అంటే అడంగల్‌ని చింపేసినట్టు. పొలం అక్కడే ఉంటుంది గానీ ఎవరిదో చెప్పే కాగితం ఉండదు. బాబాయి పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయేమో కనుక్కున్నావా? ముందు వాటిని వేరేచోట దాచు. జాబితాలో సున్నా నంబరు డిస్కుకీ ఒకటో నంబరు డిస్కుకీ పొరపాటు పడి ఏళ్ళ నాటి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

అసలు నన్నడిగితే, విండోస్ వేసేటప్పుడు వేయాల్సిన డిస్కు ఒక్కటే ఉంచి మిగతావాటి తీగలు పీకేయమంటాను. పాత డిస్కు మీద ఈఎఫ్‌ఐ భాగం, అంటే యంత్రాన్ని లేపే ఫైళ్ళుండే చోటు, ఇదివరకే ఉంటే, విండోస్‌ని ఎస్‌ఎస్‌డీ మీద వేసి, దాన్ని లేపే ఫైళ్ళని మాత్రం ఆ పాత డిస్కులో పెట్టి కూర్చుంటుంది ఒక్కోసారి. కొన్నాళ్ళకి పాత డిస్కు తీసేస్తే కొత్త విండోస్ లేవదు. అప్పుడు తల పట్టుకోవాలి.

డిస్కు అసలు కనబడనే కనబడకపోతే అది వేరే సంగతి. బోర్డుతో వచ్చిన పుస్తకం తెరువు. చాలా బోర్డుల్లో ఫలానా ఎం.2 స్లాటు వాడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదు, రెండూ ఒకే దారి పంచుకుంటాయి. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన యంత్రాల్లో కొన్నింట వీఎమ్‌డీ అనే అమరిక ఆన్‌లో ఉంటే, దాని డ్రైవర్ ఇచ్చేదాకా విండోస్‌కి డిస్కు కనబడదు.

ఇక రెండోసారి ఏమైందన్నావు? ఫైళ్ళు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగి, జీరో ఎక్స్ 80070570 అని అంకె చూపించిందా? ఈ అంకెని చూసి బెదిరిపోతారు గానీ దీనికీ అర్థం ఉంది. ముందున్న 8007 అంటే ఇది మామూలు విండోస్ తప్పుల పట్టికలోది అని. వెనకున్న 570 పదహారుల లెక్కలోది. మన పదుల లెక్కలోకి మార్చు చిన్నీ: అయిదు ఇంటూ 256, ఏడు ఇంటూ 16... 1392. ఆ పట్టికలో 1392వ తప్పు ఏమిటంటే, ‘ఫైలు పాడైంది, చదవలేకపోతున్నాను’ అని.

పాడైంది సరే, ఎక్కడ పాడైంది? డౌన్‌లోడ్‌లోనా, పెన్‌డ్రైవ్‌లోనా, ర్యామ్‌లోనా, డిస్కులోనా? ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగుతుంటే సాధారణంగా ఫైలుదో పెన్‌డ్రైవ్‌దో దోషం. ఒకసారి 20 దగ్గర, ఒకసారి 70 దగ్గర ఆగుతుంటే నేనైతే ముందు ర్యామ్‌ని అనుమానిస్తాను.

“యూట్యూబ్ బాగానే వస్తోందిగా, ర్యామ్ పాడైతే అదెలా వస్తుంది?” అని మీ స్నేహితుడు వాళ్ళింటి కంప్యూటర్ గురించి అడిగాడట కదూ. వీడియోలో ఒక బిట్టు తారుమారైతే మహా అయితే ఏదో మూల కాసేపు రంగు చెదురుతుంది, ఎవడు చూడొచ్చాడు? విండోస్ మూటలో అలా కాదు. ప్రతి ఫైలుకీ హ్యాష్ అనే వేలిముద్ర ముందే రాసి పెట్టి ఉంటుంది. విప్పాక సరిచూస్తే ఒక్క బిట్టు తేడా వచ్చినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. పైగా కుదించిన ఫైల్లో ఒక బిట్టు చెడితే దాని వెనకున్నది కూడా తప్పుగా విప్పుకోవచ్చు.

8 జీబీ స్టిక్కులో దాదాపు 6,870 కోట్ల బిట్లుంటాయి. ఒక్కో బిట్టుకీ ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది, 1968లో పేటెంట్ వచ్చింది. ఆ కెపాసిటర్‌లోని విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. అందుకని డీడీఆర్4 ర్యామ్‌లో ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి అన్నింటినీ మళ్ళీ నింపుతూ ఉండాలి. అన్ని కోట్ల వాటిలో ఒకటి బలహీనంగా ఉన్నా, నీ విండోస్ మూట దాని మీదుగా వెళ్ళిందంటే ఆగిపోతుంది.

మరి నీ ర్యామ్ కొత్తది కదా! కొత్తదైనా వేగం ఎక్కువ పెట్టావేమో చూడు. స్టిక్కు మీద 3200 అని ఉన్నా చాలాసార్లు అది తనంతట తాను తక్కువ వేగంతోనే మొదలవుతుంది. అలాంటప్పుడు ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో (పాత అలవాటుకొద్దీ వీటిని ఇంకా బయోస్ అనే అంటారు) ఎక్స్‌ఎంపీ అనే అమరిక ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. అన్ని బోర్డులూ, అన్ని ప్రాసెసర్లూ దాన్ని తట్టుకుంటాయన్న హామీ లేదు. విండోస్ ఎక్కేదాకా ఎక్స్‌ఎంపీ ఆపెయ్. రెండు స్టిక్కులుంటే ఒకటి తీసి ప్రయత్నించు. అయినా లొంగకపోతే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు నడిపించు. ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్కు పనికిరాదు. కోట్లలో ఒకటేగా అని సరిపెట్టుకోకు. బిల్లు తీసుకుని వారంటీకి వెళ్ళు.

ర్యామ్ బాగుంటే డౌన్‌లోడ్‌ని చూడాలి. మైక్రోసాఫ్ట్ సైటులో ఐఎస్‌ఓ ఫైలుతో పాటు దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ కూడా ఇస్తారు, 64 అక్షరాలుంటుంది. నీ ఫైలుకి లెక్కగట్టి రెండూ పోల్చు. సరిపోతే, పెన్‌డ్రైవ్ మార్చి చూడు. ఎస్‌ఎస్‌డీ సంగతి ఆ తర్వాత.

ఇంకొకటి, ఇది జబ్బు కూడా కాదు. అంతా పూర్తయి, రీస్టార్ట్ అయ్యి, మళ్ళీ మొదటి తెరే వస్తోందని కొందరు మూడేసి సార్లు వేస్తారు. పెన్‌డ్రైవ్ పీకలేదు, అంతే.

ఇవన్నీ ఒకేసారి మార్చకురా బుజ్జీ. ర్యామ్ తీసి, పెన్‌డ్రైవ్ మార్చి, బయోస్ సెట్టింగులు నాలుగు తిప్పి చూశావనుకో, యంత్రం పనిచేసినా ఎందుకు పనిచేసిందో నీకు తెలియదు. వచ్చే నెల మళ్ళీ ఆగితే మళ్ళీ మొదటికే వస్తావు. ఒక్కటి మార్చు, ప్రయత్నించు, కాగితం మీద రాసుకో.

అప్పటికీ కాకపోతే ఎవరినైనా అడుగు, నామోషీ ఏం లేదు. కాకపోతే అడిగేటప్పుడు “ఏదో ఎర్రర్ వచ్చింది” అనకు. తెరని స్పష్టంగా ఫొటో తీసి, బోర్డు మోడల్ పేరు, ఎంత శాతం దగ్గర ఆగిందో కలిపి పంపించు.