మీకు తెలుసా? చక్రాల ఇంటికి బరువే మొదటి లెక్క

అమెరికాలో కొన్ని కుటుంబాలు ఏడాది పొడవునా ఆర్‌వీలోనే, అంటే పడకలు, వంటగది, స్నానాలగది అమర్చిన వాహనంలోనే, కాపురముంటాయి. వీటిలో సొంత ఇంజను గల మోటార్‌హోమ్ మరమ్మతుకు వెళితే ఇల్లు కూడా దానితోపాటే వెళ్తుంది. పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో బిగించిన జోడింపుకు తగిలించి లాగే ఫిఫ్త్ వీల్ అయితే ట్రక్కు షెడ్డులో ఉన్నా కుటుంబం ఇంట్లోనే ఉండగలుగుతుంది కనుక పిల్లలున్నవారికి ఇదే మేలు.

అయితే గదుల సొగసుకన్నా ముందు చూడవలసినది సరకు సామర్థ్యం, అనగా తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసివేయగా మిగిలే పరిమాణం. ఒక అమెరికన్ గ్యాలన్ నీరు సుమారు 3.8 కిలోలు తూగుతుంది కాబట్టి 60 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే దాదాపు 227 కిలోలు అందులో ఖర్చవుతాయి. బట్టలు, పుస్తకాలు, పాత్రలు, పనిముట్లు మిగిలినదానిలోనే ఇమడాలి. ఈ హద్దు దాటితే టైర్లు, ఇరుసులు, బ్రేకులు ప్రమాదంలో పడతాయి. బరువుతోపాటు వారంటీనీ చూసుకోవాలి: ఆర్‌వీని శాశ్వత నివాసానికి వాడితే పలు కంపెనీల వారంటీ వర్తించదు గనుక ఆ షరతును కొనుగోలుకు ముందే చదవడం తప్పనిసరి.