రూపం కాదు, కీలు చూడాలి

ప్రయోగం ఉన్న రోజున తడ దగ్గర నిలబడి పులికాట్ వైపు చూస్తే, సరస్సు అవతల శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ కనిపిస్తుంది. దాని కొసనున్న తొడుగులో ఉపగ్రహం ముడుచుకుని ఉంటుంది. మన రాకెట్లలో పెద్దదైన ఎల్‌వీఎం3 తొడుగు వెడల్పే 5 మీటర్లు. సౌర పలకలు, యాంటెన్నాలు అందులో ఇమడాలంటే మడతపడక తప్పదు. కారు నుంచి రోబోగా మారే బొమ్మను తయారుచేసేవాళ్లు ఎదుర్కొనే చిక్కు కూడా ఇదే. రెండు చోట్లా అసలు నేర్పు కంటికి కనిపించే రూపంలో ఉండదు. ఒక రూపం నుంచి మరో రూపానికి వెళ్లే కదలికలో, దాని చివర పడే బిగింపులో ఉంటుంది.

జపాన్ కంపెనీ టకారా 1980లో డయాక్లోన్ బొమ్మలు మొదలుపెట్టింది. వాటినీ, ఆ తర్వాతి మైక్రో చేంజ్ బొమ్మలనూ అమెరికా కంపెనీ హాస్‌బ్రో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మింది. ఇలాంటి బొమ్మలో కారు బానెట్ ఛాతీ కావచ్చు, తలుపు రెక్క కావచ్చు. ఒక ముక్క తిరిగే దారిలో ఇంకో ముక్క అడ్డు రాకూడదు కనుక ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముందే తేలాలి. కీలులోని చీల వదులైతే చెయ్యి వాలిపోతుంది, మరీ బిగుతైతే ప్లాస్టిక్ చిట్లుతుంది. అందుకే బరువు మోసే తుంటి దగ్గర పళ్లున్న కీలు పెడతారు. అది టకటకమంటూ మెట్టు మెట్టుకీ ఆగుతుంది. తేలికైన ముక్కలకు రాపిడి చాలు. సాగే కాలైతే గొట్టంలోంచి గొట్టం జారివచ్చి, చిన్న బొడిపె గాడిలో పడ్డాక నిలబడుతుంది. ఆ బొడిపె అరిగిందా, కాలు లోపలికి కుంగుతుంది. అక్కడితో ఆ రోబో ఎంత అందంగా ఉన్నా దండగే.

ఉపగ్రహంలోనూ వరస ఇంతే. పట్టి ఉంచిన కట్టు తెగగానే స్ప్రింగులు పలకలను తోస్తాయి, తీగలూ కప్పీలూ అవన్నీ జతగా తెరుచుకునేలా చూస్తాయి, చివర గొళ్ళెం పడుతుంది. చంద్రయాన్-3లో ఇలా విచ్చుకునే ఏర్పాట్లు మొత్తం 26 ఉన్నాయని ఇస్రో చెప్పింది. 1981లో ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లిన మన యాపిల్ ఉపగ్రహానికి ఒక సౌర పలక తెరుచుకోలేదు. అయినా అది రెండేళ్లకు పైగా పనిచేసింది, తక్కువ కరెంటుతోనే.

బొమ్మను ఉపగ్రహంతో పోల్చడం అతి అని కొందరంటారు. బొమ్మ ఇరుక్కుంటే చేత్తో లాగొచ్చు, అంతరిక్షంలో లాగే చెయ్యి లేదు. నిజమే. కానీ ఉపగ్రహం మడత విప్పేది సాధారణంగా ఒక్కసారే, అదీ లెక్క ప్రకారం. బొమ్మ వందలసార్లు, అదీ వరస తెలియని చిన్న చేతుల్లో మారాలి. ఇలాంటి బొమ్మలు చేసిన అనుభవం ఎంత విలువైనదో సోరా-క్యూ చూపించింది. బొమ్మల కంపెనీ టకారా టోమీ, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా, సోనీ, దోషిషా విశ్వవిద్యాలయం కలిసి చేసిన రోబో ఇది. దాదాపు 8 సెంటీమీటర్ల బంతి, బరువు సుమారు పావుకిలో. 2024 జనవరి 20న చంద్రుడి మీద దిగి, రెండు సగాలుగా విచ్చుకుని, తనను మోసుకెళ్లి, ముక్కు నేలకు ఆని నిలిచిన జపాన్ ల్యాండర్ స్లిమ్‌ను ఫొటో తీసింది.

కీళ్లు పెరిగేకొద్దీ విరిగే చోట్లూ పెరుగుతాయి కదా అన్న ప్రశ్న ఇంకా బలమైనది. దానికి మంచి రూపకర్తల జవాబు ముక్కలు తగ్గించడం. సోరా-క్యూలో బంతి పెంకు సగాలే చక్రాలయ్యాయి. కాపాడే తొడుగు వేరుగా, నడిపే చక్రం వేరుగా లేవు. ఒకే ముక్కతో రెండు పనులు చేయించడం బొమ్మల తయారీలో పండిన విద్య, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప విద్య.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు పిల్లల భద్రతకు సంబంధించినది. కీలు ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే చూసుకోవాలి. కొనేముందు దుకాణంలోనే నాలుగైదుసార్లు మడిచి, విప్పి, చివర కదలకుండా నిలుస్తోందో లేదో చూడండి. ఇంటికొచ్చాక పిల్లలు స్క్రూ విప్పి లోపల చూస్తామంటే వద్దనకండి.