చుక్కలలో దాగిన చిత్తరువు

2022వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ‘స్టేబుల్ డిఫ్యూజన్’ అను చిత్రరచనా సాఫ్ట్‌వేరును, దాని విద్య యంతయు నిక్షిప్తమైయున్న ఫైలుతో సహా, కోరినవా రెల్లరు డౌన్‌లోడు చేసికొనవచ్చునని విడిచిపెట్టుటతో, అంతవరకు ఎక్కువగా పెద్ద సంస్థల సర్వర్లలో ఘోషాయందుండిన విద్య ఇండ్లలోని కంప్యూటర్లలోనికి నడచివచ్చినది. మ్యూనిక్ విశ్వవిద్యాలయమున రాబిన్ రోంబాక్ ప్రభృతులు రూపొందించిన పద్ధతికి రన్‌వే సంస్థ సహకారమును, లండనులోని స్టెబిలిటీ ఏఐ యొక్క ధనబలమును తోడైనవి. ఇంతచేసి ఆ ఫైలు సుమారు నాలుగు జీబీలు. ఒక సినిమా పట్టునంత చోటు.

అంత చిన్న భరిణెలో చిత్రకారు డెట్లు ఇమిడెనని అడుగుదురేమో. చక్కని బొమ్మమీద ఇసుక చల్లినట్లు అర్థములేని చుక్కలను కొంచెము కొంచెముగా చల్లి, చల్లిన దెంతయో ఊహింపుమని యంత్రమును కోట్లకొలది బొమ్మలతో సాధన చేయింతురు. ఆ నేర్పు కుదిరిన పిమ్మట కేవలము చుక్కల గందరగోళమును చేతికిచ్చి, మనము వ్రాసిన వాక్యమును చెవిని వేసినచో, అది ఇరువది ముప్పది విడతలుగా ఇసుకను ఊడ్చుచు, అడుగున లేని బొమ్మను పైకి తెచ్చును. ఈ ఊడ్పు 512 పిక్సెళ్ల నిడివియు వెడల్పునుగల పూర్తి పటముమీద గాక, దానిని 64కు 64 గళ్లుగా కుదించిన సారముమీద జరుగుటచేతనే, ఆటలు ఆడుకొనుటకు కొన్న గ్రాఫిక్స్ కార్డు దీనికి చాలుచున్నది.

సాధనకు వాడిన బొమ్మలు జర్మనీలోని లయాన్ అను సంస్థ వెబ్‌నుండి కూర్చిన 585 కోట్ల లంకెల పట్టికలోనివి. తమ చిత్రములను అడుగక వాడుకొనిరని 2023 జనవరిలో ముగ్గురు చిత్రకారులు అమెరికాలో దావా వేసిరి. వారి నొప్పి న్యాయమైనదే యని నా తలంపు.

మా మేనల్లుని కంప్యూటరులో ఈ సాఫ్ట్‌వేరును, ధనుర్మాసపు ఉదయమున వాకిట ముగ్గు పెట్టుచున్న ఇల్లాలిని కోరితిని. తెలుగున వ్రాయగా మంచుకొండలు వచ్చినవి. దాని చెవి బొమ్మలతోడి ఇంగ్లీషు వ్యాఖ్యలతో పెరిగినది కదా! ఇంగ్లీషున వ్రాయగా తడివాకిలి, ఇత్తడి చెంబు, లేయెండ అన్నియు ముచ్చటగా కుదిరినవి గాని, పిండి పట్టిన చేతికి ఆరు వ్రేళ్లు. ముగ్గు తివాచీ యైనది.

“నేర్పుదము మామయ్యా,” అని వాడు మా అక్క పెట్టిన ముగ్గుల ఫోటోలు నలుబది చేర్చి, మూలఫైలును కదపక దానికి తోకవలె తగిలించు ‘లోరా’ అను చిన్న ఫైలును రాత్రికి రాత్రి తయారుచేసెను. తెల్లవారిన తరువాత మెలికలు దారికి వచ్చినవి. అక్క చేయి తుడుచుకొనుచు వచ్చి, తెరపై వ్రేలుంచి లెక్కపెట్టి, “పదునైదు చుక్కల వరుసలో ఒకటి తగ్గిందిరా,” అని వంటింటిలోనికి పోయెను.