మొదటి డిజిటల్ పియానో కొంటున్నారా? టోన్స్ లెక్క పక్కన పెట్టి, ముందు టచ్ చూడండి

మూడేళ్ల క్రితం మా అక్క కూతురి పుట్టినరోజుకి ఒక కీబోర్డ్ గిఫ్ట్ ఇచ్చాను. తనకి అప్పుడు ఎనిమిదేళ్లు. విజయవాడలో ఇంటి దగ్గరే పియానో క్లాసులో కొత్తగా చేరింది. నేను హైదరాబాద్‌లో కూర్చుని, అచ్చం ఫోన్ కొన్నట్టే కొన్నాను. రేటింగ్ చూశాను, స్పెక్స్ చూశాను. 61 కీస్, వందల కొద్దీ టోన్స్, రిథమ్స్, ధర ఎనిమిది వేల లోపు. ఇంకేం కావాలి అనుకుని ఆర్డర్ పెట్టేశాను.

ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే "మామయ్యా, నాకు పియానో రాదులే. ఇంట్లో బాగానే వస్తుంది, మేడమ్ దగ్గర అన్నీ తప్పులే" అంది. అక్క కూడా "దానికి ఇంట్రెస్ట్ పోయిందిరా, మాన్పించేద్దాం అనుకుంటున్నా" అంది. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు పాపతో పాటు నేనూ క్లాసుకి వెళ్లాను. అక్కడున్నది 88 కీస్ డిజిటల్ పియానో. ఒక కీ నొక్కి చూశాను. బరువుగా కిందకి దిగింది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగింది. నేను కొనిచ్చినదాంట్లో ఎలా నొక్కినా ఒకటే సౌండ్. "ఇక్కడ మెత్తగా వాయించు" అని మేడమ్ చెప్పిన పాఠాన్ని ఇంట్లో ప్రాక్టీస్ చేసే అవకాశమే పాపకి లేదు. తప్పు నేను చేసి, "నాకు రాదు" అని పాప అనుకునేలా చేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలు షాపులన్నీ తిరిగి, కనిపించిన ప్రతి మోడల్ వాయించి చూసి నేర్చుకున్నదే ఈ ఆర్టికల్. మీరు అదే తప్పు చేయకూడదని రాస్తున్నా.

పియానో వేరు, కీబోర్డ్ వేరు

చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ కీబోర్డ్ అంటే తేలికైన ప్లాస్టిక్ కీస్, లోపల బోలెడు వాయిద్యాల సౌండ్లు, ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే వెనకాల తాళం వాయించే రిథమ్స్. సినిమా పాటలు వాయించడానికి, బ్యాండ్‌లో ఆడటానికి అది చాలా మంచి వస్తువు. డిజిటల్ పియానోలో హంగులు తక్కువ. అసలు పియానో వాయిస్తున్న అనుభవం వేళ్లకి ఇవ్వడమే దాని పని.

అందుకే కొనే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నేర్చుకోబోయేది ఏంటి? మన దగ్గర చాలామంది పిల్లలు రాసే ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షల్లో పియానో, ఎలక్ట్రానిక్ కీబోర్డ్ రెండూ వేర్వేరు సిలబస్‌లు. టీచర్ ఏది నేర్పిస్తున్నారో అడక్కుండా డబ్బు కట్టొద్దు. నేను చేయని పని ఇదే. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయేది.

మూడు పదాల మధ్య తేడా

ఆన్‌లైన్ లిస్టింగ్స్‌లో మూడు పదాలు కనిపిస్తాయి. వీటి దగ్గరే ఎక్కువమంది మోసపోతారు.

టచ్ సెన్సిటివ్: నొక్కే వేగాన్ని బట్టి శబ్దం మారుతుంది. కీ మాత్రం తేలిగ్గానే ఉంటుంది.

సెమీ వెయిటెడ్: స్ప్రింగ్ కాస్త బిగువుగా ఉండి, కొంచెం బరువు తగులుతుంది. పియానో బరువు మాత్రం ఉండదు.

హామర్ యాక్షన్: కీ వెనకాల నిజంగానే చిన్న బరువు ఒకటి లేచి పడుతుంది. మంచి వాటిలో ఎడమవైపు మంద్రస్థాయి కీస్ బరువుగా, కుడివైపుకి వెళ్లేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. అసలు పియానోలో కూడా అంతే.

"88 కీస్" అని రాసి ఉంటే అది పియానో అయిపోదు. 88 కీస్ ఉండి హామర్ యాక్షన్ లేని మడతపెట్టే మోడల్స్, చాపలా చుట్టేసే రబ్బరు మోడల్స్ కూడా అమ్ముతున్నారు. కీస్ సంఖ్య కాదు, యాక్షన్ పేరు వెతకండి.

లోపల ఏం జరుగుతుందంటే

డిజిటల్ పియానోలో తీగ ఉండదు. మీరు ఎంత బలంగా నొక్కారో కొలిచే కాటా కూడా ఉండదు. ప్రతి కీ కింద వేర్వేరు లోతుల్లో రెండు సెన్సర్లు ఉంటాయి. కీ దిగుతూ మొదటిదాన్ని, తర్వాత రెండోదాన్ని తాకుతుంది. ఆ రెండింటి మధ్య పట్టిన సమయం తక్కువైతే మీరు గట్టిగా కొట్టినట్టు, ఎక్కువైతే మెత్తగా నొక్కినట్టు. స్కూల్లో చదువుకున్న వేగం ఫార్ములానే. 1983లో వచ్చిన మిడి ప్రమాణం ఈ వేగాన్ని 1 నుంచి 127 వరకు ఒక అంకెగా పంపిస్తుంది. టచ్ లేని కీబోర్డ్‌లో ఆ అంకె ఎప్పుడూ ఒకటే. అంటే పాప వేళ్లు ఏం చెప్పినా ఆ మెషిన్ వినట్లేదు.

కొన్ని పియానోల్లో మూడు సెన్సర్లు ఉంటాయి. కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కినా అది పట్టుకుంటుంది. ఒకే స్వరాన్ని వేగంగా వరుసగా వాయించేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. మొదటి రెండేళ్లకి రెండు సెన్సర్లు చాలు.

స్పెక్ షీట్‌లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

టోన్స్ సంఖ్య: ఫోన్లలో మెగాపిక్సెల్ లాంటిది. పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. పది టోన్స్ ఉన్నా, అందులో ఒక మంచి పియానో సౌండ్ ఉంటే సరిపోతుంది.

పాలిఫనీ: ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో చెప్పే అంకె. ఉన్నవి పది వేళ్లే కదా, 64 ఎందుకు అనిపిస్తుంది. పెడల్ తొక్కి ఉంచితే ముందు వాయించిన స్వరాలు కూడా ఆగకుండా మోగుతూనే ఉంటాయి, అందుకు. బిగినర్‌కి 64 చాలు.

హెడ్‌ఫోన్ జాక్: అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇది తప్పనిసరి. కొన్నింట్లో 3.5 మిల్లీమీటర్లు, కొన్నింట్లో 6.3 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది. రెండోదానికి చిన్న కన్వర్టర్ కొనాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ దీనికి పనికిరావు. నొక్కిన తర్వాత కాస్త ఆగి శబ్దం వినిపిస్తే తాళం మొత్తం పోతుంది. వైర్ ఉన్న హెడ్‌ఫోనే పెట్టుకోవాలి.

ఇంకో విషయం. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా హామర్ యాక్షన్ కీస్ టకటకమని కొట్టుకునే చప్పుడు స్టాండ్ ద్వారా నేలలోకి దిగుతుంది. కింద ఫ్లాట్ వాళ్లకి అదే వినిపిస్తుంది. స్టాండ్ కింద మందపాటి మ్యాట్ వేయండి.

యూఎస్‌బీ: కేబుల్‌తో ఫోన్‌కి కలిపి లెర్నింగ్ యాప్స్ వాడుకోవచ్చు. ఏ కీ ఎప్పుడు నొక్కాలో యాప్ చెబుతుంది. మణికట్టు ఎలా ఉంచాలి, వేళ్లు ఎలా వంచాలి అన్నది అది చూడలేదు. దానికి టీచర్ ఉండాల్సిందే.

ట్రాన్స్‌పోజ్: పాడేవాళ్లున్న ఇంట్లో ఇది బాగా పనికొస్తుంది. అవే కీస్ వాయిస్తూ శృతి మార్చుకోవచ్చు. అయితే కర్ణాటక సంగీతమే లక్ష్యమైతే ఒక మాట. పియానోలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం కుదరదు, అంటే గమకం పలకదు. అది తెలిసే కొనండి.

ఏ బడ్జెట్‌కి ఏది?

ధరలు ఆఫర్లని బట్టి మారుతూనే ఉంటాయి కాబట్టి సుమారు రేంజ్‌లే చెబుతున్నా.

పదిహేను వేల లోపు: ఇక్కడ హామర్ యాక్షన్ ఆశించొద్దు. కనీసం టచ్ సెన్సిటివ్ ఉన్న 61 కీస్ తీసుకోండి. క్యాసియో సీటీ-ఎస్300, యమహా పీఎస్ఆర్-ఈ373 లాంటివి ఈ రకం. మొదటి ఏడాది పాఠాలు చాలావరకు 61 కీస్‌లోనే సరిపోతాయి. ఒకే కంపెనీలో చూడటానికి ఒకేలా ఉన్నా, చవక మోడల్‌లో టచ్ తీసేస్తారు. ఉదాహరణకి క్యాసియో సీటీ-ఎస్200లో టచ్ లేదు, సీటీ-ఎస్300లో ఉంది. ధరలో ఆదా చేసే ఆ కొంచెం దగ్గరే అసలు నష్టం.

నలభై వేల నుంచి అరవై వేల మధ్య: అసలైన డిజిటల్ పియానోలు ఇక్కడ మొదలవుతాయి.

క్యాసియో సీడీపీ-ఎస్110: 88 కీస్ హామర్ యాక్షన్, 64 పాలిఫనీ, పది టోన్స్. బరువు 10.5 కిలోలు. చాలా సన్నగా ఉంటుంది కాబట్టి చిన్న గదికి బాగుంటుంది. డబుల్ ఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది, కరెంట్ పోయినా ప్రాక్టీస్ ఆగదు.

యమహా పీ-145: పాత పీ-45 స్థానంలో 2023లో వచ్చింది. 88 కీస్, 64 పాలిఫనీ, పది టోన్స్, సుమారు 11 కిలోలు. ఎక్కువ ఆలోచించకుండా తీసుకోదగ్గ మోడల్.

రోలాండ్ ఎఫ్‌పీ-10: 88 కీస్, మూడు సెన్సర్లు, 96 పాలిఫనీ, సుమారు 12 కిలోలు. కీస్ మిగతా రెండింటికంటే బరువుగా, అసలు పియానోకి దగ్గరగా అనిపించాయి నాకు. బ్లూటూత్ సౌకర్యం దేశాన్ని బట్టి ఉండొచ్చు, లేకపోవచ్చు. కావాలంటే బాక్స్ మీద చూసి కొనండి.

సీరియస్‌గా నేర్చుకునేవాళ్లకి నా ఓటు ఎఫ్‌పీ-10కి. గది చిన్నదైనా, తరచూ అటూ ఇటూ మోయాల్సి వచ్చినా సీడీపీ-ఎస్110.

సినిమా పాటలు, రిథమ్స్ కావాలంటే పియానో మీద నలభై వేలు పెట్టకండి. యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటి, మన వాయిద్యాల సౌండ్లున్న కీబోర్డ్ దానికి సరైనది.

పియానో ధరతో ఖర్చు అయిపోదు

మొత్తం బడ్జెట్‌లో ఒక ఐదారు వేలు పక్కన పెట్టుకోండి. మొదటిది స్టాండ్. డైనింగ్ టేబుల్ మీద పెట్టేద్దాం అనుకుంటారు. టేబులే సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు, దాని మీద పియానో మందం. పిల్లల భుజాలు పైకి లేచిపోతాయి, పది నిమిషాలకే నొప్పి మొదలవుతుంది. కూర్చున్నప్పుడు మోచేయి, కీస్ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. ఎక్స్ ఆకారపు స్టాండ్ తీసుకుంటే రెండు రాడ్లున్నది తీసుకోండి, లేకపోతే ఊగుతుంది.

రెండోది పెడల్. బాక్స్‌లో వచ్చేది చాలాసార్లు చిన్న ప్లాస్టిక్ స్విచ్. తొక్కినప్పుడల్లా జారిపోతుంది. పియానో పెడల్ ఆకారంలో ఉన్న లోహపు పెడల్ విడిగా దొరుకుతుంది. చిన్న టిప్: పెడల్ మీద కాలు పెట్టి పియానో ఆన్ చేయకండి. కొన్ని మోడల్స్‌లో పెడల్ ఉల్టాగా పనిచేసి, వదిలితే స్వరం సాగుతుంది. ఆఫ్ చేసి, కాలు తీసి మళ్లీ ఆన్ చేస్తే సరైపోతుంది.

షాపులో ఐదు నిమిషాల టెస్ట్

పియానో వాయించడం రాకపోయినా ఇది చేయొచ్చు.

1. ఒకే కీని అతి మెల్లగా మొదలుపెట్టి, పది సార్లు కొంచెం కొంచెం గట్టిగా నొక్కండి. శబ్దం మెట్లు మెట్లుగా కాకుండా సాఫీగా పెరగాలి.
2. తెల్ల కీని రెండు నల్ల కీస్ మధ్యలో, లోపలివైపు నొక్కండి. అక్కడ కాస్త బరువు పెరగడం మామూలే. అస్సలు కదలనంత గట్టిగా ఉంటే వేళ్లకి కష్టం.
3. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వాయించండి. కీస్ చప్పుడు ఎంతో తెలుస్తుంది.
4. మీ హెడ్‌ఫోన్ తీసుకెళ్లి దానితో వినండి. రోజూ వినేది అదే.

సెకండ్ హ్యాండ్ అయితే 88 కీస్‌నీ ఒక్కొక్కటిగా, మెత్తగా నొక్కి చూడండి. ఒక్క కీ మాత్రం ఉన్నట్టుండి పెద్దగా అరిస్తే దాని సెన్సర్ దగ్గర దుమ్ము చేరి ఉండొచ్చు, లేదా అది అరిగి ఉండొచ్చు. రిపేర్ ఖర్చు కనుక్కుని బేరం ఆడండి. పెడల్ జాక్, హెడ్‌ఫోన్ జాక్, ఒరిజినల్ అడాప్టర్ మర్చిపోకండి.

చివరగా

నేను చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఒక 88 కీస్ హామర్ యాక్షన్ పియానో తీసుకున్నాను. కారు వెనక సీటులో అడ్డంగా పడుకోబెట్టి విజయవాడ తీసుకెళ్లాను. మొదటి వారం పాప వేళ్లు నొప్పి అంది. ఇది బాగాలేదు, పాతదే బాగుంది అంది. నాకు గుండె జారిపోయింది. మేడమ్ మాత్రం రోజుకి పదిహేను నిమిషాలే వాయించమన్నారు.

నెల రోజుల తర్వాత అక్క ఒక వీడియో పంపింది. ముప్పై సెకన్లే. నాలుగు తప్పులున్నాయి. కానీ మధ్యలో ఒకచోట పాప ఆగి, వేళ్లు తేలిక చేసి, అదే లైన్‌ని మెత్తగా మళ్లీ వాయించింది. ఎవరూ చెప్పలేదు. తనకే వినిపించింది.

మీ బడ్జెట్ ఎంతైనా సరే, ఆ మెత్తదనాన్ని వినగలిగే వాయిద్యం కొనండి. మిగతా ఫీచర్స్ అన్నీ దాని తర్వాతే.