మినీ ట్రాక్టరుకు వెనుక వాల్వు: అపోహలు – వాస్తవాలు

మామిడి తోటలోనో పత్తి సాళ్లలోనో తిరిగే మినీ ట్రాక్టరు కొన్న రైతుకు, కొన్నాళ్లకు దానితో ఇంకో నాలుగు పనులు చేయించుకోవాలనిపిస్తుంది. జాకీ ట్రాలీ లేవాలి, రివర్సిబుల్ నాగలి తిరగబడాలి. అందుకు బండి వెనుక ఆయిల్ పోర్టులు, వాటికో లివరు ఉండాలి. కంపెనీ నుంచి రాకపోతే తర్వాతైనా బిగించుకోవచ్చు. బిగించడం పెద్ద పనేమీ కాదు, షెడ్డుల దగ్గర వినపడే మాటలతోనే తంటా.

అపోహ: వాల్వు పెడితే ట్రాక్టరు బలం పెరుగుతుంది.

వాల్వు ఆయిల్‌ను అటో ఇటో మళ్లిస్తుంది, అంతే. తూములు పెంచితే చెరువులో నీళ్లు పెరగవు కదా! ఆయిల్ ఇచ్చేది పంపు. ప్రెషర్ ఎంతవరకు పోవాలో నిర్ణయించేది రిలీఫ్ వాల్వు. మీ పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తుందనుకోండి. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మిల్లీమీటర్ల పొడవున సాగే నాగలి సిలిండరుకు అర లీటరు పైచిలుకు చాలు, రెండు సెకన్లలోపే పని అయిపోతుంది. అదే 100 మిల్లీమీటర్ల వ్యాసంతో మీటరు లేచే ట్రాలీ జాకీకి దాదాపు 8 లీటర్లు కావాలి, అంటే 24 సెకన్లు. ఇంజను వేగం సగానికి తగ్గిస్తే ఆ సమయం రెట్టింపవుతుంది. ‘కొత్త వాల్వు నెమ్మదిగా ఉంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

హైడ్రాలిక్ మోటారుతో యంత్రం తిప్పుదామనుకునేవారికి ఇంకో లెక్క. 20 లీటర్లు, 150 బార్ అంటే 5 కిలోవాట్లు, అంటే 7 హెచ్‌పీ కూడా లేదు. అందులోనూ కొంత ఆయిల్ వేడెక్కడానికే పోతుంది. ఎడతెరిపి లేకుండా తిరిగే పనికి పీటీవోనే నయం.

అపోహ: రిలీఫ్ వాల్వు ఒక చుట్టు బిగిస్తే సరిపోతుంది.

ఎక్కువ బరువు ఎత్తే మాట నిజమే. పంపో, పైపో, లిఫ్టు పెట్టెలో సీలో తట్టుకోలేక పోయేదాకా! గేజి పెట్టకుండా ఆ స్క్రూ జోలికి పోయే మెకానిక్కుకు బండి అప్పగించకండి.

అపోహ: ఏ వాల్వయినా ఒకటే, లోపలికో పైపు, బయటికో పైపు కలిపితే చాలు.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. గేరు పంపు ఉన్న మినీ ట్రాక్టర్లలో చాలావాటికి, లివర్లన్నీ న్యూట్రల్‌లో ఉన్నా ఆయిల్ తిరుగుతూనే ఉంటుంది. పంపు నుంచి కొత్త వాల్వుకు, అక్కడి నుంచి వెనుక లిఫ్టుకు, చివరికి సంపులోకి. వాల్వుకు ఉన్న ట్యాంకు పోర్టునే లిఫ్టుకు కలిపేశారనుకోండి. లిఫ్టు బరువెత్తిన ప్రతిసారీ ఆ ప్రెషరంతా వెనక్కి వచ్చి ట్యాంకు వైపు పడుతుంది. ఆ వైపు అంత ప్రెషర్ కోసం తయారైంది కాదు. సీళ్లు పోతాయి, వాల్వు బాడీ పగలవచ్చు కూడా. అందుకే ‘పవర్ బియాండ్’ అనే మూడో దారి ఉన్న వాల్వు కావాలి. లిఫ్టుకు వెళ్లే ఆయిల్ దాని గుండా పోతుంది, ట్యాంకు పైపు విడిగా సంపుకు చేరుతుంది. కొన్ని వాల్వులకు దీనికోసం ప్రత్యేక స్లీవు వేరుగా కొనాల్సి ఉంటుంది.

వరుసలో ముందున్న వాల్వుదే ముందు హక్కు. దాన్ని పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు లిఫ్టు కదలకపోతే అది లోపం కాదు.

ఫెర్గూసన్ పద్ధతి బండ్లలో ఇదంతా మారిపోతుంది. అక్కడ పంపు పెట్టె లోపల ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, నియంత్రణ పీల్చే వైపున ఉంటుంది. వాటికి వేరే ఏర్పాటు కావాలి. లిఫ్టు కవరు నుంచి తీసే ట్రాలీ పైపు ఒకవైపే తోస్తుంది, ట్రాలీ తన బరువుతోనే దిగాలి. అటూ ఇటూ తిరగాల్సిన రివర్సిబుల్ నాగలికి ఆ పైపు పనికిరాదు.

అపోహ: ట్రాక్టరు ఆయిల్ ట్రాక్టరులోనే ఉంటుంది.

చాలా మినీ ట్రాక్టర్లలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఆయిల్ ఒకటే. జాకీ పైకి లేచినప్పుడు 8 లీటర్లు అందులోంచే పోతాయి, కాబట్టి మట్టం చూసుకోవాలి. అద్దెకు తెచ్చిన ట్రాలీలోని మురికి ఆయిల్ తిరిగి వచ్చేదీ మీ గేరుబాక్సులోకే. కప్లర్లు తుడిచి కలపండి, విప్పాక మూతలు పెట్టండి.

అపోహ: లివరు న్యూట్రల్‌లో ఉంటే ట్రాలీ కదలదు.

వాల్వు లోపలి స్పూలుకు సన్నటి సందు ఉంటుంది, ఆయిల్ మెల్లగా జారుతుంది. పైపు పగిలితే మెల్లగా కాదు, ఒక్కసారిగా కూలుతుంది. ఇనుప ఊత పెట్టకుండా లేచిన ట్రాలీ కిందకు ఎవరూ వెళ్లకూడదు. సన్నగా చిమ్మే లీకును చేత్తో తడిమి చూసే అలవాటు ఇంకా ప్రమాదం. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలో చేయో పోవచ్చు. లీకు వెతకడానికి అట్టముక్క వాడండి.

వాల్వుకు డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడిగి రాయించుకోండి: పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఈ వాల్వుకు పవర్ బియాండ్ ఉందా, దీన్ని బిగిస్తే కంపెనీ వారంటీ నిలుస్తుందా? మూడో ప్రశ్నకు జవాబు షెడ్డులో కాదు, డీలరు దగ్గర తీసుకోండి.