సముద్రంలో ఊపిరి బిగబడితే ముప్పే!

ఆదిలాబాద్: పెన్‌గంగలోనో, కడెం వాగులోనో ఈత నేర్చిన వారికి ఒకటే పాఠం తెలుసు. గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి దూకడం. సెలవులకు అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్‌కు దిగేవారు మాత్రం ఆ అలవాటును ఒడ్డునే వదిలేయాలి. సిలిండర్ గాలి పీలుస్తున్న వ్యక్తి ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. సముద్రానికి దూరంగా ఉన్న మన జిల్లా వాసుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

పడవ అక్కర్లేదు

డైవింగ్ అనగానే పడవలో నడిసముద్రానికి వెళ్లి దూకడమే గుర్తుకొస్తుంది. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (2018 డిసెంబరు వరకు దీని పేరు హేవ్‌లాక్) ఉన్న నెమో రీఫ్ వద్ద ఆ అవసరం లేదు. ఒడ్డు నుంచి నడుములోతు నీటి వరకు నడిచి వెళ్లి, అక్కడే సిలిండర్, కళ్లద్దాలు, కాళ్లకు రెక్కలు తగిలించుకుంటారు. నిలబడగలిగిన చోటే నోటితో గాలి పీల్చడం, కళ్లద్దాల్లో చేరిన నీటిని బయటకు పంపడం సాధన చేయిస్తారు. ఆ తరువాతే శిక్షకుడు మెల్లగా లోతుకు తీసుకెళ్తాడు. తొలిసారి దిగేవారిని 12 మీటర్లకు మించి తీసుకెళ్లరాదన్నది అంతర్జాతీయ శిక్షణ సంస్థల నిబంధన. వయసు పదేళ్లు నిండాలి. ఇలాంటి పరిచయ డైవ్‌కు ఈత రాకపోయినా సాధారణంగా అనుమతిస్తారు.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మనం పీల్చే మామూలు గాలే, అధిక పీడనంతో నింపుతారు.

లోతు తక్కువైతే భయం లేదా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నీటిపైన ఉండే వాయుపీడనం 10 మీటర్ల లోతుకు చేరేసరికి రెట్టింపవుతుంది. అక్కడ ఒక లీటరు ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. అదే 20 మీటర్ల నుంచి 10 మీటర్లకు వస్తే ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. అంటే గాలి వేగంగా వ్యాకోచించేది పైభాగంలోనే. గుండెల నిండా గాలితో ఊపిరి బిగబట్టి నాలుగైదు అడుగుల లోతు నుంచి పైకి లేచినా ఊపిరితిత్తులకు గాయం కావచ్చు. గోదావరిలో మునిగేవారికి ఈ బాధ లేదు. వారు ఒడ్డున పీల్చిన గాలే లోపల కుంచించుకుని, పైకి వచ్చేసరికి మళ్లీ మునుపటంత అవుతుంది. కాబట్టి డైవింగ్‌లో మొదటి నియమం ఒక్కటే: ఊపిరి ఆపకుండా పీలుస్తూ, వదులుతూ ఉండాలి. పైకి రావడం నిదానంగా జరగాలి.

ముందుగా బాధించేవి చెవులు. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే లోపలి పీడనం సరిపోతుంది. నొప్పి వచ్చాక కాదు, దిగుతున్నంతసేపూ ఇలా చేస్తుండాలి. పడిసం ఉన్నప్పుడు గాలి చెవిలోకి చేరదు కనుక ఆ రోజుకు మానుకోవడమే మేలు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స వంటివి ఆరోగ్య పత్రంలో దాచకూడదు. డబ్బు కట్టాం కదా అని దాచేవారు లేకపోలేదు.

సైగలూ వేరే. మనం 'బాగుంది' అనడానికి బొటనవేలు పైకెత్తుతాం. నీటిలో దానికి 'పైకి పోదాం' అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది తెలియక, ఆనందంతో వేలెత్తి డైవ్‌ను తామే ముగించుకునే అవకాశం ఉంది!

తిరుగు ప్రయాణానికి గడువు

డైవింగ్‌లో నత్రజని కొంత రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. శరీరం దాన్ని వదిలించుకోకముందే ఎత్తుకు వెళ్తే అది బుడగలై కీళ్ల నొప్పులు, తిమ్మిరి, ఒక్కోసారి పక్షవాతం కలిగిస్తుంది. అందుకే ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలని నిపుణుల సూచన. హైదరాబాద్ విమానం మరునాటి ఉదయమే ఉంటే, సాయంత్రం డైవ్ పెట్టుకోరాదు. ఘాట్ రోడ్లకూ ఇదే వర్తిస్తుంది. విశాఖ తీరంలో డైవింగ్ చేసి, అదే రోజు సుమారు 900 మీటర్ల ఎత్తులోని అరకుకు బయలుదేరడం మంచిది కాదు. అరకు చూశాక సముద్రంలో దిగితే ఇబ్బంది లేదు.